‘త్’ లేకుండా

గ్లెబ్ ర్యాబినిన్ పోయింది నవంబరులో ఒక మంగళవారం. పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పడానికి మధ్యాహ్నం మా ఊరి ఆటల హాలుకి వచ్చాడు. బెంచీ మీద కూర్చుని బూటు తాడు కట్టుకోవడానికి ముందుకు వంగాడు. మళ్ళీ పైకి లేవలేదు. నలభై మూడేళ్ళు. గుండె ఆగిపోయిందన్నారు.

నాకు ఆ సంగతి దుకాణంలో తెలిసింది. నల్లరొట్టె, ఉప్పుచేప తీసుకుని కౌంటరు దగ్గర నిలబడ్డాను. అక్కడ కూర్చునే వీవె నా సంచీ వైపు చూడకుండా నా ముఖం వైపు చూసింది.

"టీచర్, మీ గ్లెబ్ పోయాడంట."

మీ గ్లెబ్. ఊళ్ళో అందరూ అలాగే అంటారు. పద్దెనిమిదేళ్ళుగా అంటున్నారు. నేను ఒక్కసారీ కాదనలేదు.

మర్నాడు పేపర్లో అతని ఫొటో వేశారు. నీలం చొక్కా, తడిసిన జుట్టు, సగం నవ్వు. పైన పెద్ద అక్షరాలతో, "‘త్’ లేకుండా గోలు కొట్టినవాడు ఇక లేడు" అని ఉంది. కింద అతని ఆట అంతా నాలుగు వరుసల్లో సరిపెట్టారు. మా ఊరి క్లబ్బులో మూడేళ్ళు, ఫిన్లండ్‌లో రెండేళ్ళు, తాల్లిన్ క్లబ్బులో ఆరేళ్ళు, లాత్వియాలో సగం సీజను, చివరికి మళ్ళీ మా ఊరు. దేశం తరఫున పదిహేడు మ్యాచ్‌లు, ఒక గోలు.

ఆ ‘త్’ సంగతి మా దేశంలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళందరికీ తెలుసు. అయితే వాళ్ళకి తెలిసింది సగమే. మిగతా సగం నాకొక్కదానికే తెలుసని చాలాకాలం అనుకున్నాను.

మా ఎస్తోనియన్ భాషలో గేటుకీ గోలుకీ మాట ఒకటే, ‘వ్యారవ్’. దాని చివర ఏం వస్తుందో దాన్ని బట్టి అర్థం మారుతుంది. ‘వ్యారవ కొట్టాను’ అంటే గోలు కొట్టాను, పని పూర్తయింది. ‘వ్యారవత్ కొట్టాను’ అంటే గేటుని కొట్టాను. గేటు గేటులాగే ఉంది, పూర్తయిందేమీ లేదు. తేడా అంతా ఆ ‘త్’లోనే. మా పిల్లలకి ఇది ఎవరూ నేర్పరు. రష్యన్ పిల్లలకి మాత్రం ఎంత నేర్పినా అక్కడే కాలు జారుతుంది.

నేను వాళ్ళ స్కూల్లోనే ముప్ఫయ్యేళ్ళు ఎస్తోనియన్ చెప్పాను. గ్లెబ్ అయిదో తరగతిలో నా దగ్గరికి వచ్చాడు. అతని తల్లి రయీసా, తండ్రి, ఇద్దరూ గనిలో పనికని వోల్గా అవతలి నుంచి వచ్చినవాళ్ళు. తండ్రి తొందరగానే పోయాడు. గ్లెబ్ మాత్రం ఇక్కడే, బూడిద గుట్టల పక్కన ఉన్న ఆస్పత్రిలో పుట్టాడు.

రష్యన్ పిల్లలు టీచరుని తండ్రి పేరుతో కలిపి పిలుస్తారు. మాలో ఆ అలవాటు లేదు. మా నాన్న పేరు ఆగస్ట్ అని ఎవరో కనుక్కున్నారు. అప్పట్నుంచీ నేను అవ్‌గుస్తోవ్నాని అయ్యాను. నా అసలు పేరు హెల్యు. రష్యన్‌లో ‘హ’ లేదు. కాబట్టి పిల్లలందరూ గెల్యు అనేవారు. గ్లెబ్ ఒక్కడే ఆ ‘హ’ కోసం గుండెల నిండా గాలి పీల్చుకుని, అద్దం మీద ఆవిరి ఊదినట్టు ఊదేవాడు. "హ్హెల్యు అవ్‌గుస్తోవ్నా!" క్లాసంతా నవ్వేది. నేను నవ్వేదాన్ని కాదు.

ఎందుకు నవ్వలేదో చెప్పాలి. నాకు ఆరేళ్ళప్పుడు ఒక మార్చి నెలలో అమ్మనీ నన్నూ పశువుల రైలుపెట్టెలో ఎక్కించి సైబీరియా పంపారు. నాన్నని అంతకు ముందే వేరే చోటికి తీసుకెళ్ళారు. ఆయన తిరిగి రాలేదు. అక్కడి బడిలో నా పేరు గెల్యు అని రాసుకున్నారు. ఎనిమిదేళ్ళు గెల్యుగానే బతికాను. తిరిగి వచ్చాక నా ‘హ’ నాకు దక్కింది. ఒక్క అక్షరానికి ఎంత విలువ ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. ఇది చేసినదానికి సాకుగా చెప్పడం లేదు. నా చేతిలో ఎర్రపెన్ను ఉన్నప్పుడు నేనెలా ఉండేదాన్నో తెలియాలని చెబుతున్నాను.

రష్యన్ పాలన పోయి దేశం మళ్ళీ మాదయ్యాక, బయటి నుంచి వచ్చినవాళ్ళూ వాళ్ళ పిల్లలూ పౌరసత్వం కావాలంటే భాష పరీక్ష రాయాలన్నారు. అది లేనివాళ్ళ చేతిలో బూడిదరంగు పాస్‌పోర్టు. దాంతో క్లబ్బుకి ఆడొచ్చు కానీ దేశానికి ఆడకూడదు. తొంభై ఆరులో గ్లెబ్‌కి ఇరవయ్యేళ్ళు. అంతకు ముందు సీజనులో మా ఊరి క్లబ్బుకి పందొమ్మిది గోల్స్ కొట్టాడు. దేశం జట్టువాళ్ళు రెండుసార్లు వచ్చి చూసి వెళ్ళారు. పరీక్ష గట్టెక్కితే ఆ వేసవిలోనే పిలుస్తామన్నారు. ఊరంతా ఆ మాటే. రయీసా గనిలో సెలవు పెట్టి చర్చికి వెళ్ళొచ్చిందని స్కూల్లో చెప్పుకున్నారు.

పరీక్ష పేపర్లు దిద్దే కమిటీలో నేనూ ఉన్నాను. పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి. కానీ ఏడేళ్ళు దిద్దిన చేతిరాతని అంకె దాచలేదు. ‘నా పెరడు’ గురించి చిన్న వ్యాసం రాయమన్నారు. అతను ఇలా రాశాడు: "మా ఇంటి వెనక గ్యారేజీలు ఉన్నాయి. సాయంత్రాలు అక్కడికి వెళ్ళేవాణ్ణి. బంతితో వ్యారవత్ కొట్టేవాణ్ణి. పెద్ద చప్పుడయ్యేది. పక్కింటాయన తిట్టేవాడు."

నేను ‘త్’ మీద ఎర్రగీత గీశాను. ఒక మార్కు పోయింది. అరవై వస్తే గట్టెక్కినట్టు. అతనికి వచ్చింది యాభై తొమ్మిది.

అప్పటికి అది పొరపాటే. నలభై మూడు పేపర్లు దిద్దాను, కళ్ళు మండుతున్నాయి. స్ట్రైకర్ కదా, గోలు గురించే రాసి ఉంటాడనుకున్నాను. రష్యన్ పిల్లలందరూ తగిలించే ‘త్’యే ఇతనూ తగిలించాడనుకున్నాను. మర్నాడు పొద్దున మార్కుల పట్టీ రాస్తూ మళ్ళీ చదివాను. గ్యారేజీలు, చప్పుడు, పక్కింటాయన. అతను గోలు గురించి రాయలేదు. గ్యారేజీ గేటు గురించి రాశాడు. ‘త్’ ఉండాల్సిన చోటే ఉంది. నా దగ్గర చదివిన పిల్లల్లో దాన్ని అంత సరిగ్గా పెట్టినవాడు ఇంకొకడు లేడు.

మధ్యాహ్నం దాకా కవర్లకి లక్క వెయ్యరు. ఇంకా రెండు గంటల టైముంది. ఒక గీత కొట్టేసి పక్కన సంతకం పెడితే చాలు.

కమిటీ పెద్ద పిహ్లక్ గారు నా భుజం మీదుగా తొంగిచూశారు. "హెల్యు, నీ ఎర్రపెన్ను దాటి దొంగ అనేవాడు ఈ దేశంలోకి రాలేడు," అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. పేపరు మడిచి కవర్లో పెట్టాను. నా చేత్తోనే లక్క వేశాను.

ఫలితాలు గోడకి అంటించిన రోజు గ్లెబ్ వరండాలో నాకు ఎదురొచ్చాడు.

"యాభై తొమ్మిది. అంటే ఒక్కటి తగ్గింది, అవునా?"

"అవును."

"సరే," అన్నాడు. కాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. క్లబ్బు కారు ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. "గోలు స్తంభానికి తగిలింది టీచర్. ఏం చేస్తాం."

ఆ వేసవిలో అతన్ని ఎవరూ పిలవలేదు. శీతాకాలంలో ఫిన్లండ్ వెళ్ళాడు. చేపల కార్ఖానా ఉన్న చిన్న ఊరు, మూడో అంచె క్లబ్బు. పగలు కార్ఖానా, సాయంత్రం ఆట. గడ్డకట్టిన మైదానంలో ఒక మార్చిలో మోకాలు తిరిగింది. తొంభై ఎనిమిదిలో వచ్చి మళ్ళీ పరీక్ష రాశాడు. ఎనభై ఎనిమిది వచ్చాయి. ఆ పేపరు నా దగ్గరికి రాలేదు. జట్టులోకి తీసుకున్నారు గానీ, మొదటి అయిదడుగుల వేగం అతనికి పోయిందని ఆట తెలిసినవాళ్ళు అన్నారు. స్ట్రైకర్‌కి ఇరవై, ఇరవయ్యొకటి ఎలాంటి వయసో నాకు అప్పటికి తెలియదు. తర్వాత కనుక్కున్నాను.

రెండు వేల ఒకటిలో తాల్లిన్‌లో వానలో జరిగిన మ్యాచ్‌లో అతను ఆ ఒక్క గోలు కొట్టాడు. ఆట అయ్యాక టీవీ కుర్రాడు మైకు పట్టుకుని ఎలా ఉందని అడిగాడు. మా దేశంలో ఆ ప్రశ్నకి జవాబు ఒకటే. గ్లెబ్ కూడా ముందు అదే అన్నాడు.

"మామూలే." తర్వాత కెమెరా వైపు తిరిగి గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. "వ్యారవ కొట్టాను. హ్హెల్యు అవ్‌గుస్తోవ్నా, వింటున్నారా? ‘త్’ లేకుండా!"

దేశమంతా నవ్వింది. ఒక రష్యన్ కుర్రాడు మా వ్యాకరణం మీద, మా భాషలో, మా టీవీలో జోకు వేశాడు. పేపర్లవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఒక్క మార్కుతో ఫెయిల్ చేసి అతన్ని మనిషిని చేసిన టీచరుగా నా ఫొటో వేశారు. మరుసటి వారం దుకాణంలో వీవె, "బంగాళాదుంపలు ‘త్’తో ఇవ్వమంటారా టీచర్, లేకుండానా?" అంది. వెనక నిలబడ్డవాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను దుంపలు తీసుకుని ఇంటికొచ్చి చాలాసేపు కోటు విప్పకుండా వంటింట్లో కూర్చున్నాను.

ఒకసారి చెప్పబోయాను. టీచర్ల రోజున అతను తొమ్మిది గ్లాడియోలస్ పువ్వులు పట్టుకుని మా స్కూలుకి వచ్చాడు. నా క్లాసు ముందు నిలబడి, "నన్ను ఫెయిల్ చేసిన మహాతల్లి ఈవిడే. ఈవిడంటే భయం లేనివాడు చెయ్యెత్తండి," అన్నాడు. ఎవరూ ఎత్తలేదు. తర్వాత అతన్ని కోట్లు తగిలించే చోటి దాకా సాగనంపాను.

"గ్లెబ్, ఆ తొంభై ఆరు పేపరు..."

అతను టోపీ పెట్టుకుంటూ ఆగాడు. "వదిలెయ్యండి టీచర్. స్తంభానికి తగిలినవి ఎవరూ లెక్కపెట్టరు."

నాకు ప్రాణం కుదుటపడింది. అది ఒప్పుకోక తప్పదు. చెప్పనక్కర్లేదని అతనే అన్నాడు కదా అనుకున్నాను. తలుపు మూసుకున్నాక పువ్వులు నీళ్ళలో పెట్టాను.

అంత్యక్రియలకి వెళ్ళాను. పెట్టెలో అతని ముఖం అలాగే సగం నవ్వులా ఉంది. భోజనాల దగ్గర అతని పళ్ళెం ముందు గ్లాసు పెట్టి, దాన్ని రొట్టెముక్కతో మూసిపెట్టారు. రయీసా నా పక్కనే కూర్చుంది. తేనె కలిపిన అన్నం నా చేతిలో పెట్టింది.

వసంతంలో ఆ గ్యారేజీలు పడగొట్టారు. క్లబ్బువాళ్ళు ముందే వెళ్ళి గ్లెబ్ కొట్టిన గేటుని ఊడదీసి, మైదానం గోడకి నిలబెట్టారు. క్లబ్బు వ్యవహారాలు చూసే రాగ్నర్ నాకు ఫోన్ చేశాడు. దక్షిణం నుంచి కొత్తగా వచ్చినవాడు, ఇరవయ్యారేళ్ళు, రష్యన్ రాదు.

"టీచర్, గేటు మీద ఇత్తడి పలక పెడతాం. ఒక్క వాక్యం కావాలి. మీరు రాస్తేనే అందం. వాళ్ళమ్మగారిని కూడా రమ్మన్నాను. ఆవిడ మాట నాకు అర్థం కాదు, మీరుంటే తర్జుమా చేస్తారు."

వెళ్ళాను. ఆకుపచ్చ రంగు ఇనపగేటు. నడుం ఎత్తులో పళ్ళెమంత మేర లోపలికి సొట్టపోయి ఉంది. దాని చుట్టూ రంగు లేచిపోయి తుప్పు. అన్ని దెబ్బలూ ఒకే చోట తగిలాయి.

"చూశారా గురి!" అన్నాడు రాగ్నర్. "ఇలా అనుకున్నాను. ‘ఇక్కడ గ్లెబ్ వ్యారవ కొట్టేవాడు.’ ‘త్’ లేకుండా! చదివినవాడెవడైనా నవ్వుతాడు. ఏమంటారు?"

నేను రయీసాకి రష్యన్‌లో చెప్పాను. ముప్ఫయ్యేళ్ళు దాటిన పరిచయంలో ఆమెతో ఆ భాషలో మాట్లాడటం అదే మొదటిసారి. ఇదివరకు నాకు రానట్టే నటించాను. ఆమె నా యాస విని, "సైబీరియా రష్యన్. మా నాన్నమ్మ ఇలాగే మాట్లాడేది," అంది. తర్వాత గేటు దగ్గరికి వెళ్ళి ఆ సొట్టలో అరచెయ్యి పెట్టింది.

"తప్పు," అంది. "వీడు ఇక్కడ గోలు కొట్టలేదు. గేటుని కొట్టాడు. ‘త్’ ఉండాలి."

నేను గేటు వైపు చూశాను.

"మీ భాష నాకు రాదు గెల్యు అవ్‌గుస్తోవ్నా. ఆ ఒక్క ముక్కే వచ్చు. వాడే చెప్పాడు. ఫలితాలొచ్చాక వెళ్ళి పేపరు చూపించమని అడిగాడు. చూపించారు. ఇంటికొచ్చి బల్ల మీద చక్కెర పోసి, అందులో వేలితో రాసి చూపించాడు. ఇది గోలు అమ్మా, ఇది గేటు, నేను గేటే రాశాను అన్నాడు. ఫిర్యాదు పెట్టరా అన్నాను. వారం రోజుల గడువుంది, వెళ్ళరా వెధవా అని అరిచాను కూడా. వినలేదు. ఆవిడకి ఊళ్ళో తలెత్తుకునే దారి ఉండదమ్మా, ఇంకోసారి రాస్తే పోయేదేముంది అన్నాడు." ఆమె చెయ్యి తీసి కోటుకి తుప్పు తుడుచుకుంది. "పోయింది మోకాలు."

గాలికి జెండా తాడు స్తంభానికి టకటకా కొట్టుకుంటోంది. టీవీ ముందు ఆ జోకు, కోట్ల దగ్గర ఆ మాట, అన్నీ మళ్ళీ నాకు వినిపించాయి. అది క్షమించడమో, వేలెత్తి చూపడమో, రెండూనో, అడగడానికి మనిషి లేడు.

"మీ మీద కోపం ఉండేది," అంది రయీసా. "చాలా ఏళ్ళు. ఇప్పుడు ఓపిక లేదు. వాడి గేటు మీద వాడి అక్షరం వాడికి పెట్టండి. ఎందుకు పెట్టాలో మీరే చెప్పండి. నేను చెబితే, భాష రాని ముసలిది ఏదో అంటోందంటారు."

రాగ్నర్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. "ఏమంటున్నారు టీచర్? అమ్మగారికి నచ్చలేదా?"

నాకు డెబ్భై ఏడేళ్ళు. జీవితమంతా పిల్లలకి ఒక మాటకి సరిగ్గా సరిపోయే మాట ఎలా వెతకాలో చెప్పాను. ఆ రెండు భాషల్లోనూ నాకు తెలియని మాట ఆమె ఒక్కటీ అనలేదు.

"ఆలోచించుకోవాలట," అన్నాను.

రయీసాకి మా భాష రాదన్న మాట నిజమే. కానీ పొడుగూ పొట్టీ చెవికి తెలుస్తుంది.

"నేనంత సేపు చెప్పిందానికి ఇంతేనా?" అంది. "పొదుపైన భాష మీది." తలరుమాలు సవరించుకుని బస్టాపు వైపు నడిచింది. నేను వెనకాల వెళ్ళలేదు.

రాగ్నర్ ఫోన్లో గేటుకి ఫొటో తీసుకున్నాడు. "తొందరేం లేదు టీచర్. వేసవి చివర్లో పెడదామనుకుంటున్నాం. మీరు పంపగానే చెక్కిస్తాను."

ఇది మే నెల మాట. ఇప్పుడు సెప్టెంబరు. పలక వచ్చేసింది, నాలుగు మరలతో గేటుకి బిగించారు, దాని మీద ఏమీ లేదు. పిల్లలు సాయంత్రాలు ఆ సొట్టకే గురిపెట్టి బంతి కొడుతున్నారు. ఆ చప్పుడు గాలివాటుగా మా ఇంటి దాకా వస్తుంది. రాగ్నర్ రెండుసార్లు గుర్తుచేశాడు. "మీ కోసం ఎన్నాళ్ళయినా ఆగుతాం టీచర్, మీ గ్లెబ్ కదా," అన్నాడు రెండోసారి.

వాక్యం రాసి బల్ల మీద పెట్టుకున్నాను. ‘ఇక్కడ గ్లెబ్ వ్యారవత్ కొట్టేవాడు.’ ‘త్’ ఉంది. అందులో తప్పేమీ లేదు. దాన్ని ఇలాగే పంపితే, ముసలామె ‘త్’ వేసింది, మతిమరుపు వచ్చినట్టుందని వాళ్ళే తీసేస్తారు. అందుకే దాని కింద ఎందుకో రాయాలి. తేదీ రాశాను. ‘ప్రియమైన రాగ్నర్’ అని రాశాను.

రయీసా గేటు దగ్గర అన్నది రాగ్నర్‌కి నేనింకా తర్జుమా చేసి చెప్పలేదు.